ఎండతో చల్లదనము: పలకకు ముందు పైకప్పు

ఎండవేడితో మంచుగడ్డను తయారు చేయవచ్చునన్న మాట మొదటిసారి వినువారికి విడ్డూరముగా తోచును. కాని ఆ పని జరిగి నూట నలుబది ఏండ్లు దాటినది. 1878లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో అను ఫ్రెంచి గణితోపాధ్యాయుడు పెద్ద అద్దముతో సూర్యకిరణములను ఒకచోటికి కూర్చి, ఆ వేడితో ఫెర్డినాండ్ కారే రూపొందించిన అమోనియా యంత్రమును నడిపి, మంచుగడ్డను చేసి చూపెను. సూర్యుని వేడితో చల్లదనమును పుట్టించుట సాధ్యమా అను ప్రశ్నకు సమాధానము ఆనాడే లభించినది.

అప్పటినుండి ఒక వాదము ప్రచారములో ఉన్నది. ఎండ తీవ్రమైన కొలది చల్లదనపు అవసరము పెరుగును. ఎండ తీవ్రమైన కొలది సూర్యుని నుండి లభించు శక్తియు పెరుగును. కావున ఇండ్లను, కార్యాలయములను చల్లబరచుటకు సౌరశక్తిని మించిన సాధనము లేదు. ఇదియే ఆ వాదము. సోలార్ పలకలు చౌకయైన ఈ కాలమున దీనికి మరింత బలము చేకూరినది. ఇంటిపైన పలకలు పరచి, ఇంటిలోన ఏసీ యంత్రమును బిగించిన చాలునని పలువురు తలంచుచున్నారు.

ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని అది సగము సత్యము. ఏ సగము నిజమో, ఏ సగము కాదో తేల్చుటకు ఎండలకు పేరుపడిన ఒక ప్రాంతమును తీసికొని లెక్క చూచుట మంచిది.

జగిత్యాల ఎండ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు మూడును పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరినవి. గోదావరికి దక్షిణమున నున్న ఈ సీమలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు.

జగిత్యాల ఉత్తర అక్షాంశము సుమారు 18.8 డిగ్రీలు. సూర్యుడు కర్కటరేఖ వైపు పయనించుచు మే నెల నడుమ సరిగా ఈ అక్షాంశముపైకి వచ్చును. ఆ దినములలో మిట్టమధ్యాహ్నము నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. దీని ఫలితమును ఉపాధ్యాయులు విద్యార్థులకు విప్పి చెప్పవలెను. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు గోడలపై ఎండ ఏటవాలుగా జారిపోవును. పైకప్పు మాత్రము దానిని నిండుగా భరించును. అనగా వేసవిలో ఈ ప్రాంతపు ఇంటిని వేడెక్కించునది ముఖ్యముగా దాని పైకప్పే. సోలార్ పలకలను పరచవలసిన చోటును అదియే. చల్లదనమును గూర్చిన చర్చ అంతయు ఈ పైకప్పు వద్దనే మొదలు కావలెను.

రెండు మార్గములు

సూర్యశక్తితో గదిని చల్లబరచు యంత్రములు రెండు విధములు.

మొదటిది విద్యున్మార్గము. పలకపై పడిన వెలుగు విద్యుత్తుగా మారును. ఆ విద్యుత్తు ఏసీలోని కంప్రెసరును నడుపును. ఏసీ చల్లదనమును సృష్టింపదు. అది గదిలోని వేడిని తోడి వీథిలో పారబోయును. బావిలోని నీటిని మోటారు పైకి తోడునట్లే, ఇది తక్కువ ఉష్ణోగ్రత గల చోటినుండి ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటికి వేడిని ఎక్కించును. కావుననే ఒక పాలు విద్యుత్తుతో సుమారు మూడు పాళ్ళ వేడిని తోడగలుగును.

రెండవది ఉష్ణమార్గము. ఇందు కంప్రెసరు ఉండదు. లిథియమ్ బ్రోమైడ్ అను లవణపు ద్రావణము నీటియావిరిని పీల్చుకొను గుణము కలది. వాయువును తీసివేసిన పాత్రలో నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఆవిరియై పరిసరములనుండి వేడిని లాగికొనును. ఆ ఆవిరిని ద్రావణము పీల్చుకొనును. 80, 90 డిగ్రీల వేడినీటితో ద్రావణమును కాచినచో ఆవిరి విడిపోయి తిరిగి నీరగును. ఆ వేడినీటిని సూర్యుడే ఇయ్యగలడు. మూషో మంచుగడ్డకు మూలము ఇట్టి శోషణ పద్ధతియే. అయితే ఆయన యంత్రములో నీటికి బదులు అమోనియాయు, లవణ ద్రావణమునకు బదులు నీరును ఉండెను.

రెంటిని పోల్చి చూతము. ఒక చదరపు మీటరుపై మిట్టమధ్యాహ్నము సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుననుకొందము. మంచి పలక అందులో అయిదవ వంతును, అనగా 200 వాట్లను, విద్యుత్తుగా మార్చును. కాని ఆ లెక్క పలక 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటిది. జగిత్యాల మే మధ్యాహ్నములో పలక 65 డిగ్రీలకు కాగును. ఒక్కొక్క డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతము తగ్గును గనుక, 40 డిగ్రీలకు 16 శాతము పోవును. తీగలలోను, ఇన్వర్టరులోను పోవునది పోగా మిగులునది 155 వాట్లు. దానితో ఏసీ తోడు వేడి సుమారు 450 వాట్లు. ఉష్ణమార్గములో తాపక ఫలకము సగము వేడిని పట్టుకొనుననుకొన్నచో 500 వాట్లు. శోషణ యంత్రము అందులో 0.7 వంతుకు సమానమైన చల్లదనము నిచ్చును గనుక 350 వాట్లు. పైగా ఉష్ణమార్గమునకు శీతలస్తంభము, పంపులు, నీరు, నిపుణుడైన పనివాడు కావలెను. పెద్ద ఆసుపత్రులకు, కర్మాగారములకు అది తగియుండవచ్చును గాని, ఇంటికి తగదు. ఇంటి విషయమున విద్యున్మార్గమే గెలుచుచున్నది.

సామాన్యమైన ఏసీని "ఒకటిన్నర టన్ను" అందురు. ఈ టన్ను యంత్రపు బరువు కాదు. ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరుగుటకు ఎంత వేడి కావలెనో అంత వేడిని తోడగల శక్తికి అది పేరు, సుమారు 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల యంత్రము 5.3 కిలోవాట్ల వేడిని తోడును. పై లెక్క ప్రకారము దానికి మధ్యాహ్నమున 12 చదరపు మీటర్ల పలకలు కావలెను. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గదికి పైకప్పు వైశాల్యము సరిగా అంతే. ఇంతవరకు వాదము నిలిచినది.

గడియారము చెప్పు సాక్ష్యము

వాదము తప్పటడుగు వేయునది ప్రొద్దు గ్రుంకిన తరువాత. జగిత్యాలలో సామాన్య కుటుంబము ఏసీ మీట నొక్కునది ఎప్పుడు? పగలు పెద్దలు పనిలోను, పిల్లలు బడిలోను ఉందురు. రాత్రి తొమ్మిది గంటలకు పడకగది తలుపు మూసి ఏసీ వేయుదురు. ఆ వేళకు పలక నిద్రించి మూడు గంటలయినది.

ఎండ పోయిన తరువాతను గది ఏల ఉడుకును? సిమెంటు స్లాబు ఇందుకు కారణము. మీద చెప్పిన 12 చదరపు మీటర్ల గదిపై 12 సెంటీమీటర్ల మందముగల స్లాబు ఉన్నదనుకొందము. దాని బరువు సుమారు మూడున్నర టన్నులు. ఒక కిలోగ్రాము కాంక్రీటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరుగుటకు 0.88 కిలోజౌళ్ళు కావలెను. పగలు స్లాబు పది డిగ్రీలు వేడెక్కినను, అందు నిలువయగు వేడి 30,400 కిలోజౌళ్ళు, అనగా 8.4 యూనిట్లు. కాంక్రీటులో వేడి మెల్లగా ప్రాకును గనుక, పైతలమున మధ్యాహ్నము ఒంటిగంటకు కలిగిన తాపము అడుగు తలమునకు చేరుసరికి సాయంకాలమగును. సూర్యుడు అస్తమించినను స్లాబు గదిలోని వారిపై వేడిని వెదజల్లుచునే యుండును. ఈ నిలువలో సగము ఆకాశమునకు పోయినను, తక్కిన సగమును తోడుటకే ఏసీ ముప్పావు గంటకు పైగా పనిచేయవలెను.

అందుచేత ఇంటి విషయమున చల్లదనపు అవసరమును, సౌరశక్తి లభ్యతయు ఒకేసారి పెరుగునన్న మాట చెల్లదు. రెంటికిని నడుమ ఆరు నుండి పది గంటల ఎడమున్నది.

దీనికి సౌరశక్తి పక్షమువారు ఒక సమాధానము చెప్పుదురు. పగలు పలక ఇచ్చిన విద్యుత్తును గ్రిడ్డునకు పంపి, రాత్రి గ్రిడ్డునుండి తీసికొన్నచో లెక్క సరిపోవునందురు. మూడు కిలోవాట్ల పలకలు దినమునకు సుమారు 12 యూనిట్లు ఇచ్చును. ఏసీ రాత్రికి ఎనిమిది, పది యూనిట్లు వాడును. బిల్లు సున్నకు చేరును. బిల్లు విషయమున ఇది నిజమే. కాని రాత్రి తొమ్మిది గంటలకు ఆ ఏసీలో ప్రవహించు విద్యుత్తు ఎక్కడిది? జగిత్యాలకు తూర్పున పెద్దపల్లి జిల్లాలోని రామగుండములో 2,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమున్నది. అదే కేంద్రపు జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సోలార్ పలకలు 2022లో పూర్తిగా పనిలోనికి వచ్చినవి. పగలు ఆ పలకలు పనిచేయును. రాత్రి వాటి ప్రక్కనున్న బొగ్గు కొలుములే పనిచేయవలెను. కాగితముపై సమానమైన రెండు యూనిట్లు ప్రకృతిలో సమానములు కావు. బ్యాటరీలు ఈ ఎడమును పూడ్చగలవు గాని, ఖర్చు పెంచును.

మరియొక సంగతి కలదు. ఏసీ తోడిన 5.3 కిలోవాట్ల వేడియు, అది వాడిన విద్యుత్తును కలిసి ఏడు కిలోవాట్ల వేడి వీథిలోనికి వచ్చును. ఇరుకు గల్లీలో ఒక ఇంటి చల్లదనము ప్రక్కయింటి కిటికీలో వేడిగాలియగును. ప్రక్కయిల్లు రేకుల ఇల్లైనచో ఆ భారము ఎవరిపై పడునో వేరుగ చెప్పనక్కరలేదు.

సున్నపు లెక్క

ఇప్పుడు అదే గదిపై పలక లేదనుకొని, స్లాబునకు తెల్లరంగు గాని సున్నము గాని పూసినచో ఏమగునో చూతము. ఏండ్లు గడచి నల్లబడిన స్లాబు తనపై పడిన ఎండలో సుమారు 70 శాతమును పీల్చుకొనును. క్రొత్తగా పూసిన మంచి తెల్లపూత 20 శాతమును మాత్రమే పీల్చుకొని తక్కినదానిని తిప్పికొట్టును. బయట 42 డిగ్రీలు, గదిలో 30 డిగ్రీలు ఉన్నవనుకొని స్థిరస్థితికి లెక్క కట్టినచో, నల్లస్లాబు గుండా చదరపు మీటరునకు సుమారు 120 వాట్లు లోనికి దిగును. తెల్లస్లాబు గుండా సుమారు 50 వాట్లు. గది మొత్తమునకు మొదటిది 1,400 వాట్లు, రెండవది 600 వాట్లు. నిజమైన గదిలో వేడి ఆలస్యముగా దిగును గనుక అంకెలు కొంత మారును గాని, నిష్పత్తి పెద్దగా మారదు.

ఇది బల్లమీది లెక్క మాత్రమే కాదు. హైదరాబాదులోని కార్యాలయ భవనముల పైకప్పులపై అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ శాస్త్రజ్ఞులు కొలతలు తీసి, 2012లో ఫలితములను ప్రకటించిరి. నల్లని కప్పును తెల్లగా మార్చినందున శీతలీకరణపు విద్యుత్తులో 14 నుండి 26 శాతము ఆదా అయినది. సామాన్యపు కాంక్రీటును తెల్లగా మార్చినచో 10 నుండి 19 శాతము. తరువాత 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలోని పేదల ఇండ్లపై తెల్లని పొరను పరచి చూచినప్పుడు, లోపలి గాలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గినది. రెండు డిగ్రీలు స్వల్పముగా తోచవచ్చును. కాని ఆ ఇండ్లలో ఏసీలు లేవని గుర్తుంచుకొనవలెను. తెల్లపూత ఏసీ ఉన్నవానికి బిల్లును తగ్గించును. లేనివానికి నిద్ర నిచ్చును.

ఈ విద్య క్రొత్తది కాదు. వేసవి సాయంకాలము బంగ్లామీద నీళ్ళు చల్లి పడక వేయుట తెలంగాణ ఇండ్లలో పాత అలవాటు. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ళ గుప్తోష్ణము కావలెను. ముందు చెప్పిన స్లాబులోని 30,400 కిలోజౌళ్ళను తీసివేయుటకు పన్నెండు, పదమూడు లీటర్ల నీరు పూర్తిగా ఆవిరియైన చాలును. అది ఒక బిందెడు నీరు. గూన పెంకుటింటి వారు స్లాబు లేకయే సుఖపడిరి. పెంకుల వరుసల సందులనుండి గాలి ఆడుటచే వేడి నిలువయగుటకు తావు లేకపోయినది. పెంకు పోయి స్లాబు వచ్చినప్పుడు ఇంటికి గట్టిదనము వచ్చినది. దానితో రాత్రి ఉడుకును వచ్చినది.

క్రొత్త పరిశోధనలు కూడ ఈ పాత అలవాటు దిక్కునే నడచుచున్నవి. వేడియైన ప్రతి వస్తువును పరారుణ కిరణముల రూపమున వేడిని వదలును. ఆ కిరణములలో 8 నుండి 13 మైక్రోమీటర్ల తరంగములను వాతావరణము అంతగా అడ్డగింపదు. అవి నేరుగా అంతరిక్షమునకు పోవును. దీనిని ఆధారముగా చేసికొని 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆశ్వత్ రామన్ బృందము ఒక ఫలకమును నిర్మించెను. అది నిండు ఎండలో ఉండియు, విద్యుత్తు లేకయే, చుట్టునున్న గాలికంటె 4.9 డిగ్రీలు చల్లగా నుండెను. 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 98.1 శాతము ఎండను తిప్పికొట్టు తెల్లరంగును తయారుచేసిరి. సూర్యుని పట్టుకొనుటకంటె ముందు సూర్యుని తిప్పి పంపుటలో ఎంత ప్రయోజనమున్నదో ఈ పరిశోధనలు తెలుపుచున్నవి.

సిరిసిల్ల కార్ఖానా

సిరిసిల్లకు పోయినచో సమస్య మరియొక రూపమున కనబడును. అక్కడ సాంచెలు నడచు కార్ఖానాలలో పెక్కింటికి రేకుల కప్పే గతి. రేకు పలుచనిది, వేడిని నిలువ చేయదు. ఎండ పడిన కొలది నిమిషములలోనే అడుగు తలము కాగి, క్రింద నిలిచి పనిచేయు కార్మికుని తలపై వేడిని వెదజల్లును. స్లాబు రాత్రి బాధించును. రేకు పగలు బాధించును. మెరియు జింకు రేకు ఎండను కొంత తిప్పి పంపినను, తనలో చేరిన వేడిని పరారుణ కిరణములుగా వదలుటలో మాత్రము బహు మందము. అందుచేతనే మెరుపు ఉన్నను చేతితో తాకలేనంత కాగును. తెల్లపూతకు ఈ లోపము లేదు.

నూరు చదరపు మీటర్ల కార్ఖానాలో పది సాంచెలున్నవనియు, ఒక్కొక్కదానికి ఒక అశ్వశక్తి మోటారున్నదనియు అనుకొందము. మోటార్లు పూర్తి బలముతో నడచినచో అవి వాడు విద్యుత్తు అంతయు తుదకు వేడియే యగును, అది 7.5 కిలోవాట్లు. లోపల 40 డిగ్రీలున్న మధ్యాహ్నమున నల్లబడిన రేకుల కప్పు గుండా దిగు వేడి సుమారు 16 కిలోవాట్లు. అనగా యంత్రములకంటె కప్పు తెచ్చు వేడియే రెండింతలు. ఈ కార్ఖానాకు ఏసీ పెట్టవలెనన్నచో ఏడు టన్నుల యంత్రము కావలెను. అది చిన్న ఆసామికి అందని మాట. కప్పునకు తెల్లపూత పూసినచో ఆ 16 కిలోవాట్లు నాలుగు కిలోవాట్లకు దిగును. ఇందుకు విద్యుత్తు అక్కరలేదు; కరెంటు పోయినను చల్లదనము పోదు.

సిరిసిల్లకు మరియొక అనుకూలత కలదు. 1970లో ఆరంభమైన సహకార విద్యుత్ సరఫరా సంఘము, ప్రజలు "సెస్" అని పిలుచునది, ఆ ప్రాంతమునకు విద్యుత్తు నందించుచు వచ్చినది. వినియోగదారులే సభ్యులుగా గల ఇట్టి సంఘమునకు సభ్యుని కార్ఖానాలో వృథా తగ్గుట తన మేలే. కప్పుల పూతను, ఆపై పలకలను సభ్యులకు సామూహికముగా సమకూర్చుటకు ఇంతకంటె తగిన సంస్థ వేరొకటి కానరాదు.

కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి పట్టణములలో బీడీలు చుట్టు స్త్రీల పరిస్థితియు ఆలోచింపదగినది. వారికి ఇల్లే కార్ఖానా. పగలంతయు రేకుల క్రిందనో, స్లాబు క్రిందనో కూర్చుండి పనిచేసి, రాత్రి అదే గదిలో నిద్రింతురు. పగటి వేడియు, రాత్రి వేడియు రెండును వారివే. "ఇండ్లు, కార్యాలయములు" అని విడదీసి చెప్పు పుస్తకములలో వీరికి చోటు లేదు.

వాదము చెల్లు చోటు

ఇంతమాత్రమున పలకలు పనికిరావని తీర్మానించుట తొందరపాటగును. పగటివేళ మాత్రమే పనిచేయు కార్యాలయము, బ్యాంకు, బడి, కళాశాల, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు బయటి రోగుల విభాగము, వీటికి మొదటి వాదము అక్షరాల వర్తించును. ఉదయము పది గంటలనుండి సాయంకాలము అయిదు గంటలవరకు అవసరమున్నది. ఎండయు అప్పుడే ఉన్నది. సిరిసిల్లలో 2021 జూలైలోను, జగిత్యాలలో 2022 డిసెంబరులోను సమీకృత జిల్లా కార్యాలయ భవనములు ప్రారంభమైనవి. పెక్కు శాఖలు ఒకే కప్పు క్రిందికి వచ్చిన ఇట్టి విశాల భవనములు సౌరశీతలీకరణమునకు సహజమైన తావులు.

అయితే అక్కడను వరుస తప్పరాదు. హైదరాబాదులో 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రమును ఇందుకు ఆదర్శముగా చూపవచ్చును. ఆ భవనములో పైకప్పుపై అధికభాగము తోట పెంచిరి. గాలిగోపురముల ద్వారా లోనికి వచ్చు గాలిని ముందే చల్లబరచిరి. అవసరమును అట్లు తగ్గించిన పిమ్మట మిగిలిన అవసరములో కొంత భాగమునకు సోలార్ పలకలు పెట్టిరి. చాలచోట్ల ఈ వరుస తలక్రిందగుచున్నది.

పలకలకు మరియొక గుణమున్నది. దానిని వాటి అమ్మకందార్లు కూడ తగినంతగా చెప్పరు. పలక ఒక గొడుగు. కప్పునకును పలకకును నడుమ గాలి ఆడుటకు ఖాళీ ఉన్నచో, కప్పునకు చేరు వేడి తగ్గును. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖవారు కొలిచి, పలకల వలన కప్పునకు చేరు వేడి 38 శాతము తగ్గినదని తెలిపిరి. కావున తెల్లపూతయు, పలకలును శత్రువులు కావు. పూత పూసి దానిపై ఎత్తుగా పలకలు నిలిపిన ఇల్లు రెండు లాభములను పొందును.

విధానముల వెలితి

ప్రభుత్వములు ఈ రెండు మార్గములనును గుర్తించినవి. కాని వేర్వేరుగా గుర్తించినవి.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వము 2023–28 సంవత్సరములకు "కూల్ రూఫ్" విధానమును ప్రకటించెను. దానిని విడుదల చేసినవారు అప్పటి పురపాలక శాఖామంత్రియు, సిరిసిల్ల శాసనసభ్యుడును అయిన కె. తారక రామారావు. అయిదేండ్లలో 300 చదరపు కిలోమీటర్ల చల్లకప్పులు ఏర్పరచుట లక్ష్యము. అందులో 200 హైదరాబాదు ప్రాంతమునకు, 100 రాష్ట్రములోని తక్కిన ప్రాంతములకు. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 గజములు, అంతకు మించిన స్థలములోని ఇండ్లకును దీనిని నిర్బంధము చేసిరి. అంతకు తక్కువ స్థలములోని ఇండ్లకు ఐచ్ఛికముగా విడిచిరి. ప్రభుత్వము కట్టించి యిచ్చు రెండు పడకగదుల ఇండ్లకు మాత్రము నిర్బంధమే.

దేశములో ఒక రాష్ట్రము పైకప్పును గూర్చి ఇంత స్పష్టముగా ఆలోచించుట ప్రశంసనీయము. కాని 600 గజముల గీత ఎవరిని లోన చేర్చి, ఎవరిని బయట ఉంచుచున్నది? జగిత్యాల, కోరుట్ల గల్లీలలోని నూరు, నూటయేబది గజముల ఇండ్లన్నియు గీతకు ఇవతలనే ఉన్నవి. 600 గజముల స్థలమున్న ఇంటికి చెట్టునీడయో, మేడపై మేడయో, ఏసీయో ఉండుటకు అవకాశమెక్కువ. ఒక్క అంతస్తు స్లాబు గాని, రేకు గాని ఉన్న చిన్న ఇంటిలో నివసించువాని తలకును, సూర్యునికిని నడుమ ఆ ఒక్క కప్పే ఉన్నది. అక్కరయెక్కువ ఉన్నచోట ఐచ్ఛికమనుట సరికాదు. అయితే పేదవానిపై నిర్బంధము మోపుటయు న్యాయము కాదు. అతనికి కావలసినది ఆజ్ఞ కాదు, సహాయము.

ఆ సహాయము రెండవ విధానములో ఉన్నది; కాని అది పలకకు మాత్రమే. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన "పీఎం సూర్యఘర్" పథకము ఇంటిపై మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకొనువారికి 78,000 రూపాయల రాయితీని నిర్ణయించినది. పలకను బిగించునప్పుడు దాని క్రిందనున్న కప్పునకు తెల్లపూత పూయవలెనను నియమము అందులో లేదు. రేకుల ఇంటివాడు సాధారణముగా ఈ పలకల బరువును మోయించలేడు. రాయితీ పోగా మిగిలిన సొమ్మును ఇచ్చుకొనలేడు. ఇట్లు ఒక విధానము పేదవానిని ఐచ్ఛికమని విడిచినది; మరియొకటి అతని కప్పు బలహీనమని విడిచినది.

ఆక్షేపణలు

తెల్లపూతపై వచ్చు ఆక్షేపణలను దాచుట శాస్త్రధర్మము కాదు. మొదటిది దుమ్ము. ఒకటి రెండు ఏండ్లలో పూత మాసి 80 శాతపు పరావర్తనము 60 శాతమునకు దిగవచ్చును. అప్పుడు సిరిసిల్ల కార్ఖానా లెక్కలో నాలుగు కిలోవాట్లు తొమ్మిదికి చేరును. అయినను పదునారు కంటె అది తక్కువయే. ఏటేటా ఉగాది నాటికి కప్పును కడిగి తిరిగి పూసినచో గుణము నిలుచును. పలకలను సైతము దుమ్ము తుడువవలెను గదా. రెండవది చలికాలము. తెల్లకప్పు శీతకాలపు పగలు కొంత వెచ్చదనమును పోగొట్టును. కాని ఈ ప్రాంతమున చలి కొలది వారములే. ఎండ నెలల తరబడి. మూడవది మేడ. నాలుగంతస్తుల భవనములో పూత వలన లాభపడునది పై అంతస్తు మాత్రమే. ఇది నిజము, కావుననే ఒంటి అంతస్తు ఇండ్లు అధికముగానున్న చిన్న పట్టణములకు ఈ పద్ధతి హైదరాబాదు కంటె ఎక్కువ తగును. నాలుగవది గాలి. బయటి గాలియే 45 డిగ్రీలున్నప్పుడు పూత ఒక్కటే గదిని సుఖవంతము చేయజాలదు. ఫ్యానో, కూలరో, అవసరమైన చోట ఏసీయో కావలసినదే. పూత చేయు మేలు ఆ యంత్రముల పనిని తగ్గించుట.

చేయదగిన పరీక్ష

ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని తామే పరీక్షింపవచ్చును. ఒకే పరిమాణము గల రెండు అట్టపెట్టెలు తీసికొని, రెంటిపైనను పాత రేకుముక్కలు మూతలుగా ఉంచవలెను. ఒక రేకునకు సున్నము దట్టముగా పూయవలెను. ప్రతి పెట్టెలోను ఒక ఉష్ణమాపకమును, దాని బల్బు రేకును తాకకుండ, వ్రేలాడదీయవలెను. ఉదయము పది గంటలనుండి నాలుగు గంటలవరకు అరగంటకొకసారి అంకెలు వ్రాసి రేఖాచిత్రము గీయవలెను. మరునాడు రేకులకు బదులు రెండు షాబాదు బండముక్కలు ఉంచి, కొలతలను రాత్రి తొమ్మిది గంటలవరకు సాగించవలెను. రేకు గీతయు, బండ గీతయు ఏ వేళ శిఖరము నందుకొనుచున్నవో పోల్చి చూచినచో, ఈ వ్యాసములోని ముఖ్యవిషయము ఒక్క కాగితముపై కనబడును. కొలతలు తీయుట నీడనుండి జరుగవలెను. మధ్యాహ్నమున పిల్లలను ఎండలో నిలుపరాదు.

ఈ విషయము పరీక్షా పత్రములతో ముగియునది కాదు. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిసి రెండువేల మందికి పైగా మరణించిరి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్రపు ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుని కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయమును నిర్ణయించినది. అది మంచి నిర్ణయమే. కాని ఆ సొమ్ము ఇంటికి చేరువేళకు మనిషి ఉండడు. అందులో కొద్ది భాగమును ముందుగా అతని కప్పుపై సున్నముగా వెచ్చించుట సాధ్యమే.

సూర్యుడు జగిత్యాలకు శక్తిని ఉచితముగనే ఇచ్చుచున్నాడు. దానిని ఏసీకి ఎక్కించుటకు ముందు, అక్కరలేని చోట దానిని తిప్పి పంపుట నేర్వవలెను. మొదట కప్పు తెలుపు, పిదప గాలియాట, ఆ తరువాత ఫ్యానుకు, కూలరుకు, కార్యాలయపు ఏసీకి పలకల విద్యుత్తు. ఈ వరుసలో నడచినచో సౌరశీతలీకరణ వాదము నిలుచును. వరుస తప్పినచో పలకలున్న ఇల్లు చల్లబడును. దాని ప్రక్కనున్న రేకుల ఇల్లు మరింత కాగును.